బోర్డు మారితే కొట్టు మారుతుందా?



ఇంకా అక్షరాలు రాని పిల్లవాణ్ణి సబ్బు తెమ్మని కొట్టుకు పంపించి చూడండి. పేరు చదవలేడు, అయినా మనింట్లో వాడే సబ్బే పట్టుకొస్తాడు. పైకాగితం రంగు, దాని మీది బొమ్మ, అక్షరాల వంపు వాడికి గుర్తు. మనమూ అంతేనండీ. కాఫీపొడి పొట్లం కొనేటప్పుడు దాని మీద ఏం రాసి ఉందో ఎవరం చదువుతాం? చదివి కొనేది తక్కువ, గుర్తుపట్టి కొనేది ఎక్కువ. ఈ సంగతి వ్యాపారస్థులకు మనకంటే బాగా తెలుసు.

ఒక ఊళ్లో ఒక కొట్టు పెట్టుకున్నవాళ్లకు ఈ బెడద అంతగా లేదు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషే గుర్తు. "శెట్టిగారి కొట్టు" అంటే చాలు, బోర్డు వెలిసిపోయినా జనం వస్తారు. కాని వంద ఊళ్లలో వంద కొట్లు ఉన్న సంస్థకు ఆ శెట్టిగారు ఎక్కడున్నారు? మనిషి ముఖం లేనిచోట బోర్డే ముఖం అవుతుంది. అందుకని బోర్డు మీది అక్షరాలు, రంగులు, బిల్లు కాగితం, చేతిసంచీ, ముందరి అద్దాల బీరువాలో సరుకు పేర్చే తీరు, ఒక్కోచోట పనివాళ్ల దుస్తులు కూడా అన్నీ ఒక వరసలో పెడతారు. ఊరు మారినా ఇది మనకు తెలిసిన కొట్టే అనిపించాలని వాళ్ల తాపత్రయం.

పుస్తకాల షాపులకూ ఇదే సూత్రం. దక్షిణాదిన రైలు ప్రయాణాలు చేసినవాళ్లకు హిగ్గిన్‌బాథమ్స్ పేరు చెప్పనక్కర్లేదు. 1844లో మద్రాసులో మొదలైన సంస్థ అది. రైలు ఆగీ ఆగకుండానే పిల్లలు ఆ స్టాలు వైపు పరిగెత్తడం, వెనకనుంచి మనం కేకలు వేయడం చాలా ఇళ్లలో జరిగిన సంగతే. ఆ పేరు నోరు తిరగకపోయినా, చూడగానే అక్కడ పత్రికలు దొరుకుతాయని తెలిసిపోయేది.

మరి ఇంత పాతుకుపోయిన ముఖాన్ని మార్చాలనుకుంటే? మారిస్తే ఏమవుతుంది? ఇంగ్లండులో వాటర్‌స్టోన్స్ అనే పుస్తకాల షాపుల సంస్థ రెండేళ్లలోపల ఒకసారి ముఖం మార్చుకుని, మళ్లీ పాత ముఖానికే వచ్చేసింది. ఆ కథ చెప్పుకుంటే ఈ విషయం బాగా బోధపడుతుంది.

టిమ్ వాటర్‌స్టోన్ అనే ఆయన మొదట డబ్ల్యు.హెచ్. స్మిత్ అనే పెద్ద కంపెనీలో పనిచేసేవారు. పత్రికలు, పుస్తకాలు, కాగితాలు, పెన్నులు అమ్మే కంపెనీ అది. వాళ్లు ఆయనను ఉద్యోగంలోంచి తీసేశారు. అప్పుడు చేతికొచ్చిన డబ్బుకు అప్పు తెచ్చిన డబ్బు కలిపి 1982లో లండన్‌లో ఓల్డ్ బ్రాంప్టన్ రోడ్డు మీద తన పేరుతోనే ఒక పుస్తకాల షాపు తెరిచారు. చదువుకున్న, చదివే అలవాటున్న కుర్రవాళ్లను పనిలో పెట్టారు. సాయంత్రం పొద్దుపోయేదాకా తలుపులు తీసి ఉంచారు. అలమరల నిండా, పైకప్పు దాకా పుస్తకాలే. జనం ఎగబడ్డారు. పది పదకొండేళ్లు తిరక్కుండా, 1993లో, ఆయనను తీసేసిన ఆ స్మిత్ కంపెనీయే ఈ షాపులన్నిటినీ కొనుక్కుంది. అదృష్టం ఎలా తిరుగుతుందో చూడండి.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను, ఏమీ అనుకోకండి. ఈ స్మిత్ కంపెనీ 1792 నాటిది. హెన్రీ వాల్టన్ స్మిత్, ఆయన భార్య ఆనా కలిసి లండన్‌లో చిన్న పత్రికల దుకాణం పెట్టారు. కొద్ది నెలలకే భర్త పోయాడు. అప్పటికి చివరివాడు ఇంకా ఒళ్లో బిడ్డ. ఆనా దుకాణం మూసెయ్యలేదు. 1816లో తాను పోయేదాకా, అంటే ఇరవై ఏళ్లకు పైగా, దాన్ని నిలబెట్టి పిల్లల చేతిలో పెట్టింది. 1828లో బోర్డు మీదికెక్కిన పేరు మాత్రం ఆ ఒళ్లో బిడ్డది, విలియం హెన్రీ స్మిత్‌ది. రెండు వందల ఏళ్లు ఇంగ్లండు వీధివీధినా ఆ పేరు వెలిగింది. నిలబెట్టిన తల్లి పేరు ఏ బోర్డు మీదా లేదు. మన ఇళ్లలో కూడా ఎన్ని కొట్లు ఇలా నడిచాయో మీకే తెలుసు.

సరే, అసలు కథకు వద్దాం. వాటర్‌స్టోన్ షాపుల బోర్డు మీద పెద్ద ఇంగ్లీషు డబ్ల్యు అక్షరం ఉండేది. బాస్కర్‌విల్ అనే పాతకాలపు అచ్చక్షరం అది. ఇంగ్లీషు పుస్తకం ఏదైనా తీసి పరకాయించి చూస్తే, కొన్ని రకాల అక్షరాల చివర చిన్న చిన్న పాదాల్లాంటివి కనిపిస్తాయి, మన చేతిరాతలో కలం ఎత్తేటప్పుడు పడే విసురులాగా. కొన్నిటికి అవి ఉండవు, బోడిగా ఉంటాయి. పాదాలున్నవి చూడగానే పుస్తకం గుర్తొస్తుంది, ఎందుకంటే కొన్ని వందల ఏళ్లుగా ఇంగ్లీషు పుస్తకాలు వాటితోనే అచ్చయ్యాయి. బోడి అక్షరాలు చూస్తే మందుల సీసానో, విమానాశ్రయంలో దారి చూపే బోర్డో, ఈ కాలంలో అయితే టెలిఫోను కంపెనీయో మనసులో మెదులుతుంది. ఒక అక్షరం చెడ్డది, ఒకటి మంచిది అని కాదండోయ్. పట్టుచీరా మంచిదే, నేతచీరా మంచిదే. ఎక్కడికి ఏది కట్టుకుని వెళ్తామన్నదే ప్రశ్న.

ఆ అక్షరాలు చెక్కించిన జాన్ బాస్కర్‌విల్ బర్మింగ్‌హామ్‌లో ముద్రాపకుడు. ఆయన మొదటి పుస్తకం 1757లో వచ్చింది. సారా ఈవ్స్ అనే ఆవిడ, భర్త వదిలేసి పోతే పిల్లలతో సహా ఆయన ఇంట్లో ఇంటిపని చూడడానికి చేరింది. ఆ భర్త పోయాక, 1764లో, వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. 1775లో బాస్కర్‌విల్ పోయిన తరువాత ఆవిడే పని కొనసాగించి, చివరకు ఆ అచ్చులను ఫ్రాన్సులో బోమార్షే అనే రచయితకు అమ్మింది. వోల్టేరు రచనల సంపూర్ణ సంపుటాలు ఆయన వాటితోనే వేయించారు. ఈవిడ పేరు మాత్రం పూర్తిగా పోలేదు. 1996లో జుజానా లిచ్కో అనే డిజైనరు బాస్కర్‌విల్‌ను చూసి కొత్తగా గీసిన అక్షరాలకు "మిసెస్ ఈవ్స్" అని పేరు పెట్టారు.

1998లో వాటర్‌స్టోన్ షాపులు మళ్లీ చేతులు మారాయి. ఈసారి హెచ్.ఎం.వి. వాళ్లకు. మన గ్రామఫోను రికార్డుల మీద చెవి ఒగ్గి కూర్చున్న కుక్క బొమ్మ ఉండేదే, ఆ గుర్తున్న కంపెనీయే. వాళ్లకు పాటలు అమ్మడం తెలుసు. పాటలు అమ్మినట్టే పుస్తకాలూ అమ్మారు. అప్పటికే పుస్తకానికి దేశమంతటా ఒకే ధర ఉండాలన్న పాత కట్టుబాటు 1990లలో పోయింది. ఉల్లిపాయలూ రొట్టెలూ అమ్మే పెద్ద బజార్లు పేరున్న నవలలను చవగ్గా అమ్మేస్తున్నాయి. అమెజాన్ పుస్తకాన్ని ఇంటి గుమ్మంలోకే తెస్తోంది. అమ్మకాలు తగ్గాయి. అప్పుడు యాజమాన్యానికి తోచిన ఉపాయాల్లో ఒకటి ముఖం మార్చడం.

2010లో కొత్త గుర్తు వచ్చింది. పాదాలున్న పెద్ద డబ్ల్యు పోయి, గుండ్రంగా, మెత్తగా, బోడిగా ఉండే చిన్నబడి డబ్ల్యు వచ్చింది. వాళ్ల ఉద్దేశం తప్పని నేననను. పుస్తకాల షాపంటే పండితులు తిరిగే చోటు అని బెదిరిపోయేవాళ్లు ఉంటారు. "రండి, భయం లేదు, ఇది మీ కొట్టే" అని పిలవాలనుకున్నారు. కాని ఆ గుర్తు ఏ టెలిఫోను కంపెనీకి తగిలించినా సరిపోయేలా ఉందని చాలామందికి అనిపించింది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. బోర్డు మారింది, లోపల ఏమీ మారలేదు.

లోపల ఏముందో చెప్తాను. గృహిణులు శ్రద్ధగా వినవలసింది ఇదే. షాపులోకి అడుగుపెట్టగానే ఎదురుగా బల్లలు, వాటి మీద గుట్టలుగా పుస్తకాలు, "మూడు తీసుకుంటే రెండిటికే డబ్బు" అని స్టిక్కర్లు. గాజు కిటికీలో పెద్ద పెద్ద బొమ్మలతో ఇంకొన్ని. చూసినవాళ్లు ఏమనుకుంటారు? చదివినవాళ్లు ఎంచి, మంచివని ముందు పెట్టారనుకుంటారు. కాని ఆ చోటు అమ్ముడుపోయిన చోటు. పుస్తకం వేసిన ప్రచురణకర్త షాపు కంపెనీకి డబ్బు కడితే ఆ పుస్తకం కిటికీలోకి వస్తుంది, బల్ల మీదికి ఎక్కుతుంది. కట్టలేని చిన్న ప్రచురణకర్త పుస్తకం ఎంత మంచిదైనా వెనక అలమరలో నడుము మాత్రమే కనబడేటట్టు నిలబడాలి. ఏ పుస్తకాలు ముందుండాలో లండన్‌లోని కేంద్ర కార్యాలయం నిర్ణయించేది. సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊరికీ, విశ్వవిద్యాలయం ఉన్న ఊరికీ ఒకటే గుట్ట వెళ్లేది. అమ్ముడుపోనివి అట్టపెట్టెల్లో వెనక్కి తిరిగి వచ్చేవి.

అలా పెట్టడం చట్టవిరుద్ధం కాదు. మన బజార్లలోనూ కళ్ల ఎత్తున ఉన్న అరలో ఏ బిస్కెట్లుండాలో కంపెనీలు డబ్బిచ్చి కొనుక్కుంటాయి. బిస్కెట్ విషయంలో నష్టం పావలా వంతు. పుస్తకం విషయంలో అలా కాదు. పిల్లవాడి పుట్టినరోజుకు ఒక మంచి పుస్తకం కొందామని, మనకు తెలియదు గనుక తెలిసినవాళ్ల మాట నమ్ముదామని లోపలికి వెళ్తాం. ఆ నమ్మకాన్నే బల్లవారీగా అద్దెకిచ్చుకున్నారు. పైన పటారం లోన లొటారం అంటే ఇదే కదా.

2011లో హెచ్.ఎం.వి. వాళ్లు ఈ షాపులను 5 కోట్ల 30 లక్షల పౌండ్లకు అలెగ్జాండర్ మాముత్ అనే రష్యా ధనికుడికి అమ్మేశారు. ఆయన నడిపే బాధ్యత జేమ్స్ డాంట్ అనే పుస్తకాల వ్యాపారికి అప్పగించారు. ఈ డాంట్ 1990లో లండన్‌లోని మెరిల్‌బోన్ హై స్ట్రీట్‌లో డాంట్ బుక్స్ అనే షాపు పెట్టి పేరు తెచ్చుకున్న మనిషి. అక్కడ పుస్తకాలను దేశాలవారీగా పేరుస్తారు. ఇటలీ అలమర దగ్గర నిలబడితే ఇటలీ ప్రయాణాల పుస్తకాలు, అక్కడి నవలలు, చరిత్ర అన్నీ ఒకచోటే. ఇంటి పొందిక తెలిసిన ఇల్లాలు సర్దినట్టుంటుంది. ఆ షాపు గుడ్డసంచీ లండన్‌లో ఆడవాళ్ల భుజాన ఎంతగా కనిపిస్తుందంటే, అదే ఆ షాపుకు ఊరంతా తిరిగే బోర్డు.

ఆయన వచ్చాక 2012 జనవరిలో పాదాలున్న పాత డబ్ల్యు తిరిగి వచ్చింది. ఇంకొక మార్పు కూడా చేశారు. వాటర్‌స్టోన్‌కు చెందినది అని సూచించడానికి ఎన్ అక్షరానికీ ఎస్ అక్షరానికీ మధ్య పైన ఒక చిన్న కొమ్ము ఉండేది, అపాస్ట్రఫీ అంటారు. దాన్ని తీసేశారు. కంప్యూటరులో చిరునామాలు టైపు చేసేటప్పుడు అది అడ్డమని కారణం చెప్పారు. షాపులు ఆ పెద్దమనిషి చేతిలోంచి పోయి అప్పటికి చాలా ఏళ్లయింది గనుక, "ఆయనది" అని చెప్పే కొమ్ము పోవడం న్యాయమే అనుకోవచ్చు కూడా. కాని ఇంగ్లండులో పెద్ద గొడవైంది! అపాస్ట్రఫీని కాపాడడానికి అక్కడ ఒక సంఘమే ఉండేది లెండి. 2001లో జాన్ రిచర్డ్స్ అనే విశ్రాంత పత్రికా రచయిత పెట్టారు. పుస్తకాలు అమ్మేవాళ్లే వ్యాకరణం తప్పితే ఎలా అని వాళ్ల బాధ. అరసున్న పోయిందని మన పెద్దవాళ్లు బాధపడలేదూ, అలాగే.

జనం కొమ్ము గురించి పోట్లాడుకుంటూ ఉండగా డాంట్ అసలు పని లోపల చేశారు. మూడింటికి రెండు అనే పథకం 2011లోనే ఆపేశారు. ప్రచురణకర్తల దగ్గర డబ్బు తీసుకుని కిటికీలో పుస్తకాలు పెట్టే పద్ధతి మానేశారు. నష్టాల్లో ఉన్న కంపెనీ, రావలసిన సొమ్మును వద్దనుకోవడమంటే మాటలా? ఏ ఊరి షాపులో ఏ పుస్తకాలు ముందుండాలో ఆ ఊరి షాపులో పనిచేసేవాళ్లనే నిర్ణయించుకోమన్నారు. అలమరల అంచున చిన్న అట్టముక్కల మీద, తాము చదివిన పుస్తకం ఎందుకు బాగుందో పనివాళ్లు సొంత చేతిరాతతో రాసిపెట్టే అలవాటుకు విలువ పెరిగింది. వంకరటింకర చేతిరాత, అక్కడక్కడ కొట్టివేతలు. ఏ డిజైనరూ గీయలేని గుర్తు అది. వెనక్కి తిరిగివచ్చే పుస్తకాల పెట్టెలు బాగా తగ్గిపోయాయి. 2016 ఏప్రిల్‌తో ముగిసిన సంవత్సరంలో, చాలా ఏళ్ల తరువాత మొదటిసారి, కంపెనీ లాభం చూపించింది.

ఇదంతా తేనెలో ముంచిన కథ మాత్రం కాదు. 2013లో మేనేజర్లను మళ్లీ తమ ఉద్యోగాలకే దరఖాస్తు పెట్టుకోమన్నారు. చాలామంది వెళ్లిపోవలసి వచ్చింది. 2019లో, బతకడానికి చాలినంత జీతం ఇవ్వండని షాపుల్లో పనిచేసేవాళ్లు అర్జీ పెట్టుకుంటే వెయ్యిమందికి పైగా రచయితలు వాళ్ల పక్షాన సంతకాలు చేశారు. అంత స్తోమత కంపెనీకి ఇంకా లేదన్నారు డాంట్. అంత శ్రద్ధగా పుస్తకం గురించి అట్టముక్క రాసిన అమ్మాయి ఇంటద్దెకు తడుముకోవడం నాకు మింగుడుపడదు.

మరో చిక్కు 2017లో బయటపడింది. సౌత్‌వోల్డ్, రై, హార్పెండెన్ అనే మూడు చిన్న ఊళ్లలో వాటర్‌స్టోన్స్ తన పేరు లేకుండా షాపులు తెరిచింది. బోర్డు మీద "సౌత్‌వోల్డ్ బుక్స్" అని ఊరి పేరే. డబ్ల్యు లేదు, ఏమీ లేదు. చూస్తే ఆ ఊరివాళ్లెవరో పెట్టుకున్న కొట్టులా ఉంటుంది. కిటికీలో చిన్న కాగితం మీద అసలు సంగతి చేతిరాతతో రాసిపెట్టాం కదా అన్నారు యాజమాన్యం. పెద్ద కంపెనీ బోర్డులు వీధినంతటినీ ఒకేలా చేసేస్తున్నాయని ఊళ్లవాళ్లు గోల పెడుతున్నారు, అందుకని ఇలా చేశాం అన్నది వాళ్ల వాదన. ఊళ్లో అసలు పుస్తకాల షాపే లేకపోవడం కంటే ఇది నయమన్నది ఇంకో వాదన. రెండిటిలోనూ కొంత నిజముంది. అయినా నేనైతే ఒప్పుకోను. గుర్తు ఎందుకు? సరుకు బాగోకపోతే ఎవరిని అడగాలో తెలియడానికి. ఆ గుర్తును కిటికీ మూలకు నెట్టి, పక్కింటివాళ్లలా కనిపించాలనుకోవడం మసిపూసి మారేడుకాయ చేయడమే.

2018లో వాటర్‌స్టోన్స్ ఇలియట్ అనే పెట్టుబడి సంస్థ చేతికి వెళ్లింది. 2019లో ఆ సంస్థే అమెరికాలోని బార్న్స్ అండ్ నోబుల్ షాపులను కూడా కొని డాంట్‌నే పైన కూర్చోబెట్టింది. మన పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లవాళ్లు అక్కడికి వెళ్లినప్పుడు ఈ షాపులు చూసే ఉంటారు. పూర్వం ఏ ఊళ్లో చూసినా అవే ముదురాకుపచ్చ రంగులు, అదే అమరిక. డాంట్ అక్కడ అన్నీ ఒకేలా ఉండాలన్న నియమాన్నే సడలించారు. అలమరల రంగులు, అమరిక, బోర్డు మీది అక్షరాలు కూడా షాపు షాపుకీ తేడాగా ఉండవచ్చునన్నారు. డిజైన్ శాస్త్రం చదువుకున్నవాళ్లు గుండె బాదుకునే మాట ఇది. 2024 ఒక్క ఏడాదిలోనే ఆ సంస్థ 50కి పైగా కొత్త షాపులు తెరిచింది. పేరు మాత్రం ఎక్కడా దాచలేదు.

మన దగ్గర పేరు మారిన సందర్భం వేరు. రాష్ట్రం రెండయిన తరువాత తెలంగాణలోని విశాలాంధ్ర పుస్తకాల షాపులు నవచేతన అన్న పేరు పెట్టుకున్నాయి. కొత్తగా అందంగా కనబడాలని చేసిన మార్పు కాదది. రాష్ట్రం పేరు మారినప్పుడు పాత పేరు అక్కడ పొసగదు. ఎందుకు మారిందో కొనేవాళ్లకు తెలుసు, అమ్మేవాళ్లకు తెలుసు.

స్మిత్ కంపెనీకి పట్టిన గతి వింటే విచిత్రంగా ఉంటుంది. 2023 చివర్లో వాళ్లు పది షాపుల్లో పరీక్షగా కొత్త బోర్డులు పెట్టారు. నీలం మీద తెల్లగా మూడే అక్షరాలు, డబ్ల్యు, హెచ్, ఎస్. అది అచ్చం అక్కడి సర్కారు వైద్యశాలల గుర్తులా ఉందని, జ్వరం వస్తే ఇక్కడికే రావాలా అని జనం వేళాకోళం చేశారు. ఆ తరువాత 2025లో ఊళ్లలోని సుమారు 480 దుకాణాలను మొడెల్లా అనే సంస్థకు అమ్మేశారు. స్టేషన్లలో, విమానాశ్రయాల్లో, ఆస్పత్రుల్లో ఉన్నవి మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు. అమ్మకంలో పేరు ఇవ్వలేదు. కొన్నవాళ్లకు కొత్త పేరు కావలసి వచ్చింది. ఆలోచించి ఆలోచించి "టి.జి. జోన్స్" అని పెట్టారు. స్మిత్ లాగే జోన్స్ కూడా ఇంటింటా వినిపించే పేరు, కుటుంబం నడిపే కొట్టులా వినబడుతుందట.

ఆ టి.జి. జోన్స్ ఎవరని మీరు అడగవచ్చు. ఎవరూ లేరండీ. పుట్టలేదు, పెరగలేదు, ఒక్క పత్రికైనా అమ్మలేదు. ఆనా స్మిత్ ఇరవై ఏళ్లకు పైగా కాపాడిన దుకాణానికి వారసుడుగా, కాగితం మీద తయారైన పెద్దమనిషి ఆయన.